ఆఫీసరు కుర్చీలో జేమ్స్ మాస్టారు

గుల్లలంక బడి తాళం దగ్గర కదా కిందటి వారం ఆగాం. కొల్లేరు మధ్యన ఉన్న ఆ బడికి నజ్నీన్ ఒక్కతే టీచరు. వేసవి అయిపోయి వానాకాలం వచ్చినా ఆమె ఒంటిపూట బడే నడుపుతోంది. ఒకరోజు మధ్యాహ్నం డిప్యూటీ డీఈఓగారు చెప్పకుండా వచ్చి పడవ దిగారు. బడికి తాళం ఉంది. పిల్లలు లేరు, టీచరు లేదు. ఏలూరు నుంచి మెమో వచ్చింది. జవాబు నచ్చకపోతే సస్పెన్షన్. ఉన్న ఒక్క టీచరూ పోతే ఆ బడిని ఒడ్డున ఉన్న ఊరి బడిలో కలిపేస్తారు. గణపవరం జేమ్స్ మాస్టారి మాట మీద నజ్నీన్ ఉపాధ్యాయ సంఘంలో చేరింది. తన తరఫున డీఈఓగారితో మాట్లాడమని సంఘాన్ని అడిగింది. ఆ మధ్యాహ్నం తను ఎక్కడుందో మాత్రం ఎవరికీ చెప్పలేదు, భర్త ఫిరోజ్‌కి కూడా.

సంఘం రమ్మంటే ఆదివారం పొద్దున్న నజ్నీన్ ఏలూరులో పాసింజరెక్కి తాడేపల్లిగూడెంలో దిగేసరికి జేమ్స్ మాస్టారు స్టేషను బయట సైకిలు స్టాండు దగ్గర నిలబడి ఉన్నారు. హైస్కూల్లో సోషల్ చెబుతారాయన. గొంతు ఎంత చిన్నదంటే, వినపడక వెనక బెంచీ పిల్లలు తమంతట తామే ముందుకొచ్చి కూర్చుంటారని గణపవరంలో చెప్పుకుంటారు.

"టిఫిను చేశారా అమ్మా?"

"చేశానండి."

"రైలు తొందరలో ఎక్కడ చేసుంటారు! రండి, రెండిడ్లీ తిందురుగాని."

ప్లేటు ముందు పెట్టుకుని ఆయన తినకుండా చట్నీ కలుపుతూ కూర్చున్నారు.

"ఇవాళ నేను మీ పక్కన ఉండనండి," అన్నారు చివరికి. "ఎదురుగా ఉంటాను. ఏమీ అనుకోకూడదు మరి."

"అదేంటండీ, నన్ను చేర్పించిందే మీరు కదా?"

"అందుకేనండి. చేర్పించినవాళ్లే ఆ కుర్చీలో కూర్చోవాలి. మా సంఘంలో అలా అలవాటు."

ఏ కుర్చీయో ఆయన చెప్పలేదు.

ఇన్నేళ్లూ సంఘమంటే నజ్నీన్‌కి కొత్త సంవత్సరం డైరీ, గోడ కేలండరు, ఏడాదికోసారి చందా అడగొచ్చే మనుషులు. సంఘాల వాళ్లు బళ్లోకి వస్తే నోటు పుస్తకాలు దిద్దుతున్నట్టు తల వంచుకునేది. తన పని తను చేసుకుపోయేవాళ్లకి సంఘంతో పనేమిటని అనుకునేది. మెమో చేతికొచ్చిన రోజు ఆ కాగితం పట్టుకుని ఎవరి దగ్గరకు వెళ్లాలో ఆమెకు తోచలేదు. ఆ సాయంత్రం బస్సులో పక్క సీట్లో జేమ్స్ మాస్టారు కూర్చోకపోతే ఇవాళ గూడెం వచ్చేదే కాదు.

సంఘం హాలు సందులో ఉంది. టీచర్లు తలా కొంత వేసుకుని కట్టుకున్నది. పై అంతస్తు పూర్తి కాక ఇనుప ఊచలు అలాగే నిలబడి ఉన్నాయి. ముందు గదిలో ఒకావిడ జామకాయ కోస్తూ భిన్నాలు చెబుతోంది. ఎదురుగా చాపల మీద కూర్చున్నవాళ్లంతా టీచర్లే. మూడో తరగతి పిల్లల్లా కూర్చున్నారు.

"టీచర్, నాకు చిన్న ముక్కొచ్చిందండీ!" అన్నాడు నెరిసిన మీసాలాయన చెయ్యెత్తి.

"నాకసలు రాలేదండీ, వాడు తినేశాడు!"

"వాళ్ల నాన్నని తీసుకురమ్మనండి టీచర్!"

ఆవిడ నవ్వు ఆపుకోలేక చాకు కింద పెట్టేసింది. "ఇలాగే అడుగుతారండీ మా బళ్లో. అప్పుడేం చెప్పాలో అదే తెలీదు నాకు," అంది. నెరిసిన మీసాలాయన లేచి, తన బళ్లో తను ఏం చేస్తాడో చెప్పడం మొదలుపెట్టాడు. నజ్నీన్ గుమ్మంలోనే ఆగిపోయింది. ముక్కలు సమానంగా ఉండాలన్న మాట తను ఎప్పుడూ ముందే చెప్పేస్తుంది. ఈయన పిల్లలు పోట్లాడుకునేదాకా చెప్పడట.

"తర్వాత విందురుగాని," అన్నారు జేమ్స్ మాస్టారు. "లోపల చూస్తున్నారు మన కోసం."

లోపలి గదిలో ఇద్దరున్నారు. అధ్యక్షురాలు వీరరాఘవమ్మగారు హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. కార్యదర్శి ఈశ్వరప్రసాద్ పెంటపాడులో లెక్కలు చెబుతాడు. బల్లకి ఒక వైపు చేతుల కుర్చీ ఒక్కటి ఖాళీగా ఉంది. జేమ్స్ మాస్టారు తలుపు వేసి, వెళ్లి అందులో కూర్చున్నారు.

"కూర్చోండమ్మా," అన్నారు వీరరాఘవమ్మగారు. "దీన్ని మేం ఇంటి విచారణ అంటాం. ఎవరి కోసమైనా ఆఫీసుకు వెళ్లే ముందు మా మనిషిని మేమే అడుగుతాం. అక్కడ ఆఫీసరు ఏం అడుగుతాడో అవన్నీ ఇక్కడ మేం అడిగేస్తాం. ఆయన కంటే గట్టిగానే అడుగుతాం. ఇక్కడ నిలబడినవాళ్లు అక్కడ పడిపోవడం నేను చూడలేదు. మీకిష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి. టీ తాగి వెళ్లిపోవచ్చు."

"ఇష్టమేనండి."

"ముందు నాదొక మాటండి," అన్నాడు ఈశ్వరప్రసాద్. "మేడంగారు సర్వీసులో చేరి ఇన్నేళ్లయింది. మన గుమ్మం తొక్కలేదు. మెమో రాగానే రశీదు పుస్తకం ఎక్కడుందని అడిగారు. వాన మొదలయ్యాక గొడుగు కొన్నట్టుంది."

"వానలో కొనేవాళ్లకి గొడుగు అమ్మవా నువ్వు?" అన్నారు వీరరాఘవమ్మగారు. "కానివ్వండి మాస్టారూ."

జేమ్స్ మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నారు. వీపు కుర్చీకి ఆనించి, చేతులు రెండూ బల్ల మీద పెట్టారు.

"మీరేనా నజ్నీన్?"

ఆ గొంతు ఆయనది కాదనిపించింది. అవతలి గదిలో జామకాయ పాఠం చెబుతున్నావిడ ఒక్క క్షణం ఆగింది.

"నేనేనండి."

"బడి వేళలు మార్చమని మీకు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి. ఊరివాళ్లు అడిగారు. బడి కమిటీ ఒప్పుకుంది."

"గోడలకి ఏ రంగు వెయ్యాలో కమిటీ చెప్పొచ్చు. బడి ఎప్పుడు తెరవాలో ప్రభుత్వం చెబుతుంది. ఇంత సర్వీసుండి ఆ మాత్రం తెలీదా మీకు?"

"తెలుసండి." ఆమె చీర కొంగు సర్దుకుంది. "కిందటేడు ప్రభుత్వంవాళ్లు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు కదండీ. అవతలి పేట పిల్లలు ఆ గట్టు మీదే నడిచొచ్చేవారు. ఇప్పుడు దారి లేదు. పొద్దున్న వలలు తీసుకొచ్చే పడవలో వస్తున్నారు. మధ్యాహ్నం భోజనాలవగానే ఆ పడవ మళ్లీ వలలకి పోతుంది. చీకటిపడ్డాక గాని రాదు. నాలుగు గంటలకి బడి వదిలితే పిల్లలు ఇంటికెళ్లే దారేదండి?"

"అవతలి పిల్లల సంగతి సరే. ఇవతలి పిల్లలకి పడవ అక్కర్లేదుగా? వాళ్లకెందుకు తాళం వేశారు?"

"మొదట్లో వాళ్లని ఉంచానండి. మధ్యాహ్నం ఇవతలివాళ్లకి చెప్పిన పాఠం మర్నాడు పొద్దున్న అవతలివాళ్లకి మళ్లీ చెప్పాల్సొచ్చేది. ఇవతలివాళ్లకి విసుగు. అవతలివాళ్లు వెనకబడిపోయారు. ఎగతాళి మొదలైంది. అవతలి పేటోళ్లకి చదువు రాదని పిల్లలే పాట కట్టారండి. అందుకని అందరికీ పొద్దున్నే పెట్టేశాను. నేను తొలి బస్సుకి వస్తాను."

"అంటే పిల్లలకి చదువు తగ్గించారు."

"డ్రిల్లు తగ్గిందండి. బొమ్మలు గీయించడం తగ్గింది. తెలుగు, లెక్కలు తగ్గలేదు. ఎవరినైనా పిలిచి చదివించి చూడండి."

వీరరాఘవమ్మగారు ఏదో రాసుకోబోయి మానేశారు. జేమ్స్ మాస్టారు కుర్చీలోంచి ముందుకు వంగారు.

"చివరి ప్రశ్న. మా డిప్యూటీ వచ్చిన ఆ మధ్యాహ్నం మీరెక్కడున్నారు?"

నజ్నీన్ వేసి ఉన్న తలుపు వైపు చూసింది.

"సెలవు పెట్టారా?"

"లేదండి."

"ఊళ్లో ఉన్నారా?"

"లేనండి."

"ఇంట్లో?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"చూడండి. నేను ఆఫీసర్ని. ఈ ప్రశ్నకి జవాబు రాకపోతే మీరు ఇందాక చెప్పినవన్నీ నేను నమ్మను. పడవ లేదు, గట్టు లేదు, అవతలి పేట లేదు. టీచరుకి మధ్యాహ్నాలు సొంత పనులున్నాయి, అందుకే ఒంటిపూట. అంతే రాస్తాను. రాయమంటారా?"

బస్సులో పక్క సీట్లో కూర్చుని, మీకేం ఫరవాలేదమ్మా అన్న మనిషి ఈయనే. నజ్నీన్‌కి కోపం వచ్చింది. మెమో వచ్చిననాడు రాని కోపం.

"మీ వరండాలోనే ఉన్నానండీ!" అంది.

"ఏమిటీ?"

"మీ ఆఫీసు వరండాలో. ఏలూరులో. లంక బళ్లకి ఒంటిపూట అనుమతి ఇప్పించమని అర్జీ రాసుకుని, పిల్లల్ని పడవెక్కించి, తాళం వేసి మీ దగ్గరకే వచ్చాను. సూపరింటెండెంటుగారు చదివి వెనక్కిచ్చేశారు. మా మండలం ఎంఈఓగారి ద్వారా రమ్మన్నారు. ఎంఈఓగారిని అప్పటికే అడిగానండి, జూన్‌లో. వేళలు మార్చడం తన చేతుల్లో లేదన్నారు, పైకి పంపమంటే పంపనన్నారు. ఆ మాట చెబితే, ఎంఈఓని దాటి వచ్చారని తెలిస్తే దానికి వేరే మెమో ఇస్తాం, వచ్చినట్టు ఎవరితోనూ అనకండి అన్నారు సూపరింటెండెంటుగారు. అందుకే అనలేదు."

జేమ్స్ మాస్టారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అయిపోయిందండి," అన్నారు. మళ్లీ ఆయన గొంతే.

"అయిపోయిందంటే ఎలాగండి?" ఈశ్వరప్రసాద్ లేచాడు. "ఇది బయట పెడితే ఒక మెమో రెండవుతుంది. అనుమతి కావాలని తెలిసే, అది లేకుండా బడి నడిపారని ఆవిడే ఒప్పుకున్నట్టు. నా మాట విని ఈ వరండా సంగతి వదిలేయండి. ఒంట్లో బాగోలేదని చెప్పిద్దాం. డాక్టరు కాగితం నేను తెస్తాను."

"ఆ సూపరింటెండెంటు డీఈఓగారి పక్క గదిలోనే కూర్చుంటాడు ప్రసాదూ," అన్నారు వీరరాఘవమ్మగారు. "ఆ పూట ఈ అమ్మాయిని వరండాలో ఎంతమంది చూశారో నీకు తెలుసా? నువ్వు తెచ్చే డాక్టరు కాగితం ఎంతసేపు నిలుస్తుంది?"

ఈశ్వరప్రసాద్ కూర్చున్నాడు.

"ఏవమ్మా," ఆవిడ నజ్నీన్ వైపు తిరిగారు. "ఈ జిల్లాలో పడవెక్కి బడికెళ్లే టీచరువి నువ్వొక్కదానివే అనుకుంటున్నావా?"

ఇంతసేపూ ‘మీరు’ అన్నావిడ ‘నువ్వు’ అనడం నజ్నీన్ గమనించింది. అది ఆమెకు నచ్చింది.

"నాకు తెలిసి నేనేనండి."

"అవతలి గదిలో మీసాల మాస్టారిని చూశావుగా? ఆయనదీ లంక బడే. గట్టు కొట్టేశాక పడిన తిప్పలు నెల క్రితం ఈ గదిలోనే చెప్పుకున్నాడు. అలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. ఎవరికి వాళ్లు తామొక్కరే అనుకుని, ఎవరి తాళం వాళ్లు వేసుకుంటున్నారు. నువ్వు పట్టుకెళ్లిన అర్జీలో తప్పు లేదు. ఒక్క టీచరు ఎంఈఓని దాటి తీసుకెళ్తే అది ధిక్కారం. అదే అర్జీ, అదే వరండాలో సంఘం ఇస్తే వినతి. మాకు ఎంఈఓ ద్వారా రావాలన్న రూలు లేదు. సంఘం దేనికని అడిగేవాళ్లకి నేను ఇంతకంటే చెప్పను."

"అయితే వస్తారాండీ నా తరఫున?"

"నీ తరఫున రాం. లంక బళ్లన్నిటి తరఫునా వస్తాం. కొల్లేట్లో వేళలు నీళ్లని బట్టి పెట్టుకునే వీలు ఇమ్మని అడుగుతాం. ఆ వీలు లేక ఒక టీచరుకి ఏం జరిగిందో చెబుతాం. వరండా సంగతి మొదటి వాక్యంలోనే చెబుతాం, దాచిపెట్టం. కాని ఒక షరతు. అనుమతి వచ్చేదాకా రేపటి నుంచి రెండుపూటలా బడి నడపాలి. రూలు తప్పుతున్న మనిషిని వెంటబెట్టుకుని రూలు మార్చమని అడగలేను నేను."

"పడవ లేకుండా ఎలాగండీ?"

"అది మాకొదిలెయ్యి."

ఈశ్వరప్రసాద్ అప్పటికే తలుపు తీసి, "మీసాల మాస్టారూ!" అని కేకేశాడు. జామకాయ ముక్క నములుతూ ఆయన వచ్చాడు. సంగతి విని, "మా లంకలో పడవలకి ఇబ్బంది పొద్దుటి పూటేనండి, మధ్యాహ్నం ఖాళీయే. ఒకటి పంపిస్తాను. సాయంత్రం పిల్లల్ని దింపి వస్తుంది. దానికేముంది," అని మళ్లీ పాఠానికి వెళ్లిపోయాడు. జూన్ నుంచి నజ్నీన్ రాత్రిళ్లు మేలుకుని ఆలోచించిన విషయం అది.

మధ్యాహ్నం అందరూ చాపల మీద వరసగా కూర్చున్నారు. పులిహోర, వంకాయ కూర, పెరుగు. ఆఫీసరు కుర్చీలో కూర్చున్నవాళ్లు ఆ పూట తాము ప్రశ్నించిన మనిషికి వడ్డించాకే తినాలట. జేమ్స్ మాస్టారు చొక్కా చేతులు మడిచి, బేసిను పట్టుకుని వచ్చారు.

"ఇంకొంచెం వేసుకోండమ్మా."

"చాలండి."

"కోపం పోలేదా ఏమిటి?"

"మీకా గొంతు ఎక్కడిదండీ మాస్టారూ?" అంది నజ్నీన్.

"ఏడాదికి రెండుసార్లే వస్తుందండి. క్లాసులో కావాలంటే రాదు."

"అక్కడ కూడా తెచ్చుకోండి. పిల్లలు ముందుకు జరిగీ జరిగీ బల్ల కిందకి వచ్చేశారట," అన్నాడు ఈశ్వరప్రసాద్ పక్క నుంచి. నవ్వులు లేచాయి. అతను తన ఆకులోని అప్పడం తీసి నజ్నీన్ ఆకులో వేశాడు. "గొడుగు మాట మర్చిపొండి మేడంగారూ. నోటి దురుసు. లెక్కల వాణ్ణి."

ఎదుటి వరసలో భిన్నాల టీచరు, వచ్చే నెల నీటి మీద పాఠం నువ్వు చెప్పాలని నజ్నీన్‌తో అంది. పడవ, లోతు, బరువు, అన్నీ నీకు కళ్ల ముందే ఉంటాయి కదా అంది. నజ్నీన్ సరేనంది. అన్నాక ఆశ్చర్యపోయింది. వచ్చే నెల గురించి ఆలోచించి చాలా రోజులైంది. పులిహోరలో ఇంగువ బాగా పడింది. ఆమె మళ్లీ వేయించుకుంది.

ఈశ్వరప్రసాద్ చెయ్యి కడుక్కుని, ఏలూరు వెళ్లడానికి వేళ అడుగుదామని డీఈఓగారికి ఫోను చేశాడు. వరండాలో నిలబడి మాట్లాడి వచ్చాడు.

"మనల్ని రావద్దన్నారండి."

వడ్డన ఆగింది.

"ఆయనే వస్తారట. రేపు మధ్యాహ్నం భోజనాల తర్వాత, గుల్లలంకకి. బడిని చూసి, ఊరివాళ్లతో మాట్లాడి అక్కడే తేలుస్తానన్నారు. ఎంఈఓగారికి పొద్దున్నే చెప్పారట."

"మంచిదే," అన్నారు వీరరాఘవమ్మగారు. "కుర్చీలో కూర్చునేవాడికి చెప్పడం కంటే పడవలో కూర్చున్నవాడికి చెప్పడం తేలిక. నేనూ వస్తాను. ఈ వయసులో నన్ను ఎవరు ఎక్కిస్తారో, ఎవరు దింపుతారో చూసుకోండి."

అప్పుడే నజ్నీన్ ఫోను మోగింది. లంకలో వినపడదని దాని గొంతు ఎప్పుడూ పూర్తిగా పెంచి ఉంచుతుంది ఆమె. ఎడమచేత్తో తీసింది. బడిలో అన్నం వండే రూతమ్మ, ఊళ్లో కొట్టు దగ్గరి రూపాయి ఫోను నుంచి.

"టీచరుగారండీ, ఎంఈఓగారొచ్చారండి. ఆయ్, ఆదివారమేనండి! పడవ దిగి తిన్నగా మా వంటపాక కాడికే వచ్చారు. కుర్చీ వేశాను. ఇప్పుడు ఈ కొట్టు కాడ కూర్చుని ఊళ్లో అందరితోనూ మాటాడుతున్నారండి. రేపు పెద్దాఫీసరుగారు వస్తే ఏం చెప్పాలో చెబుతున్నారు."

"ఏం చెప్పమంటున్నారు రూతమ్మా?"

"అదేనండి మాకూ తెలీట్లేదు. ఆయనే మాటాడతారంట, ఇస్తున్నాను."

ఫోను చేతులు మారిన చప్పుడు. చాపల మీద అందరికీ వినపడుతోంది.

"అమ్మా నజ్నీన్‌గారూ, నమస్కారమండి. రేపటి సంగతి తెలిసే ఉంటుంది మీకు. మీరేం కంగారుపడకండి. జూన్‌లో మీరు నా దగ్గరకొచ్చారు. ఒంటిపూట నడుపుకోండని నేను నోటిమాటగా అనుమతిచ్చాను. కాగితం మీద పెట్టడం నేను మర్చిపోయాను, అంతే. ఇద్దరం అదే మాట చెబితే మీ మెమో పోతుంది, నాకూ మాట రాదు. ఊరివాళ్లకీ చెప్పేశాను. అనుమతిచ్చాను కదండీ?"

ఈశ్వరప్రసాద్ ఫోనుకి దగ్గరగా జరిగాడు. ఆ ఒక్క మాటకి ఊఁ అంటే చాలు. సస్పెన్షన్ లేదు, వరండా లేదు, రెండో మెమో లేదు. లంక బళ్ల వినతి కూడా ఉండదు. అనుమతి ఎంఈఓ నోటిమాటతోనే దొరుకుతుందంటే, ఇక కొత్తగా అడిగేదేముంది?

నజ్నీన్ వీరరాఘవమ్మగారి వైపు చూసింది. ఆవిడ పెరుగన్నం కలుపుకుంటున్నారు. తల ఎత్తలేదు. జేమ్స్ మాస్టారు గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఇంకొకరు సాయం రాగలిగే ప్రశ్న కాదిది.

"వింటున్నారాండీ? అనుమతిచ్చాను కదా?" అవతల నుంచి ఎంఈఓగారు మళ్లీ అడిగారు.

ఎంగిలి చెయ్యి అలాగే పట్టుకుని నజ్నీన్ ఆకు ముందు నుంచి లేచింది.

"ఎంఈఓగారండీ," అంది.